నవల్లో పోయినాయనకి ఫాతెహా

సాహిత్య సభల్లో నన్ను తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు: "ముస్లింలు కదండీ, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చిందండి?" మా ఇంట్లో కోపమొచ్చినా ఆకలేసినా తెలుగే. అరబ్బీ నమాజు వరకే, అదీ వచ్చినంత మేరకే. ఇదంతా చెప్పే ఓపిక లేక నవ్వి ఊరుకుంటాను. ఇంటికొచ్చాక మాత్రం ఒళ్లు మండుతుంది.

మా నాన్న పాలకొల్లులో పరుపులు కుట్టేవారు. జుట్టులో దూది నూగుతోనే నమాజుకి నిలబడేవారు. ఆయన మీదే ఒక నవల మొదలుపెట్టి, తొలి భాగం ఒక ప్రచురణకర్తకి చూపించాను. ఇంకాస్త ముస్లిం వాతావరణం ఉంటే బాగుంటుందన్నారాయన. ఏం పెట్టమంటారండి అంటే, "అదేనండీ, బిర్యానీ, అత్తరు, అలాంటివి" అన్నారు. మా నాన్నకి అత్తరు వాసన తగిలితే తలనొప్పి. అందుకే ఒక్క చుక్క కూడా పొయ్యలేదు.

నవల సగంలో ఉండగా నాన్న పోయారు. అమ్మ ఇద్దత్ కూర్చుంది. అంటే భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండడం. అమ్మ ఏడవలేదు. నాన్న ఊసే ఎత్తలేదు. ఏం అడిగినా తల ఊపేది, అంతే. నాకు భయమేసింది. ఏదో ఒకటి మాట్లాడించాలని, రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పక్కన కూర్చుని నవల చదివి వినిపించసాగాను.

మా అమ్మ నాన్న పేరు పలకదు. భర్త పేరు నోటితో అనకూడదని వాళ్లమ్మ నేర్పింది. ఆసుపత్రిలో అడిగినా, రేషను దుకాణంలో అడిగినా నావైపు చూసేది, నేను చెప్పేదాన్ని. నవల్లో నాన్నకి నేను వేరే పేరు పెట్టాను. దానికి ఆ అడ్డు లేదు. రెండ్రోజులు తిరక్కుండానే అమ్మ ఆ పేరుని నోరారా పలకడం మొదలుపెట్టింది.

"మీవాడు నువ్వు రాసినంత మంచోడేం కాదులే," అంది ఒకరోజు. "ఇల్లంతా దూది చేసేసి, ఊడ్చేదాన్ని నన్నే విసుక్కునేవాడు. అదీ రాయి."

నాన్నని ఏకవచనంలో అనేస్తుంటే నవ్వొచ్చింది. ఆ సాయంత్రాలంటే నాకు ప్రాణంగా ఉండేది.

కానీ నవల చివర ఆయన చనిపోవాలి. నాన్న బతికుండగానే అలా అనుకున్నాను. మళ్లీ దొరికిన మనిషిని అమ్మ దగ్గర్నుంచి నేనే తీసేసుకోవాలంటే మనసొప్పలేదు. గొంతు బాగోలేదనీ, ఇంకా రాయలేదనీ సాకులు చెప్పాను.

చివరికి అమ్మే అడిగింది. "పోయాడా?"

"పోయాడమ్మా."

"చదువు."

చదివాను. పైటకొంగు వేలికి చుట్టుకుంటూ వింది. అయ్యాక నెమ్మదిగా, "రేపు శుక్రవారం. ఫాతెహా చదువుదాం" అంది.

"కథలో మనిషికి ఫాతెహా ఏంటమ్మా?"

"ఇన్నాళ్లూ మనింట్లో తిరిగాడు కదే. పోయాక ఊరుకుంటామా?"

ఫాతెహా అంటే పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి, సాంబ్రాణి వేసి, ఖురాన్‌లోంచి చదివి, ఆ పుణ్యం ఫలానా వారికి చేరాలని పేరు చెప్పి అడగడం. నాన్నకి చేసినప్పుడు మావయ్య చదివారు, పేరూ ఆయనే చెప్పారు. ఈసారి మావయ్యని పిలవనా అంటే అమ్మ ఒప్పుకోలేదు.

"విన్నాడంటే నవ్వుతాడు. నేనే చదువుకుంటాను."

మర్నాడు చేపల పులుసు, కొబ్బరన్నం వండింది. ఫాతెహా అయ్యేదాకా ముట్టకూడదు కనుక రుచి చూడలేదు. ముసుగు సర్దుకుని, చేతులు చాపి, తనకొచ్చిన ఖురాన్ సూరాలు చదివింది. పేరు చెప్పాల్సిన చోటికొచ్చి ఆగింది. తడుముకుంటోందేమోనని నవల్లో పేరు అందించాను. కాదన్నట్టు తల ఊపింది. కళ్లు గట్టిగా మూసుకుని మా నాన్న పేరు పలికింది, ఇంటిపేరుతో సహా.

ఆ పేరు అమ్మ గొంతులో వినడం నా జన్మలో అదే మొదలు. ఊపిరి తీసుకుని మళ్లీ పలికింది. అప్పుడు ఏడ్చింది.