మంజిష్ఠ చేతులు, ఇటుకపొడి బియ్యం

మస్తురా ఓపా నిమ్మళంగా కూర్చోగా నేను చూసింది చాలా తక్కువ. కూర్చున్నా ఒక మోకాలు లేవడానికి సిద్ధంగా ఉండేది. మర్గిలాన్ ఊళ్ళో మా వీధి చివరి పట్టు కార్ఖానాలో పద్నాలుగు మంది నేతగత్తెలకు మధ్యాహ్నం భోజనం వండేది ఆవిడే. చిన్నా పెద్దా అందరూ ఆవిడను ఓపా అనే పిలిచేవాళ్ళు, అక్కా అన్నట్టు. నేత పాటలు రాసుకుందామని నేను అక్కడికి వెళ్ళేదాన్ని. మగ్గాల చప్పుడులో ఒక్క చరణమూ సరిగా వినపడక, చివరికి వంటింటి గుమ్మంలో కూర్చోవడం అలవాటైంది.

"ఊరికే కూర్చోకపోతే ఆ ఉల్లిపాయలు ఒలవొచ్చుగా" అనేది. నేను ఒకటి ఒలిచేలోపు మిగతావి లాక్కుని తనే ఒలిచేసేది.

ఆ వేసవి నుంచి గొర్రె తోక కొవ్వు ధర ముట్టుకుంటే కాలేలా ఉంది. మాంసం సంగతి చెప్పనే అక్కర్లేదు. యజమాని ముహ్సిన్ ఇచ్చే ఖర్చు మాత్రం పెరగలేదు. ఓపా కొవ్వు మానేసి పత్తిగింజల నూనె పట్టుకుంది. ఆ నూనె వాసన పోవాలంటే పొగ వచ్చేదాకా కాచి, అందులో ఒక ఎముక ముక్కను నల్లగా మాడేదాకా వేయించి తీసెయ్యాలి. ఆ తర్వాత అది కొవ్వుతో పోటీ పడుతుంది. ఆవిరి మీద ఉడికే మంతీ పిండిపొట్లాల్లో మాంసం బదులు గుమ్మడికాయ పెట్టింది. సూప్‌లో మాంసం పోయి పెసలు వచ్చాయి. మీగడ అడిగిన రోజు ఎండిన పెరుగు ఉండలు నానబెట్టి చిలికి పోసింది. చాయ్‌లోకి చక్కెర బదులు ఎండు మల్బరీలు గుప్పెడు పళ్ళెంలో పెట్టేది. ఒక్కటి నోట్లో వేసుకుంటే రెండు గుక్కలు వస్తాయి.

బియ్యం దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకునేది కాదు. గురువారం పలావుకి ఎర్రని చారల దెవ్‌జిరా బియ్యమే కావాలి.

"మిగతావాటితో నాలుకను ఏమార్చొచ్చు. బియ్యం బాగోలేకపోతే తినకముందే కళ్ళు పట్టేస్తాయి" అనేది.

చలి మొదలైన ఒక మంగళవారం, నేతపని చూసే ముహయ్యో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నోరు పెద్దదే గానీ ఆ రోజు మెల్లగా మాట్లాడింది.

"ఓపా, ముహ్సిన్ అన్న ఈ వంటిల్లు ఎత్తేద్దామంటున్నాడు. బజారు హోటల్ నుంచి డబ్బాలు తెప్పిస్తాడట."

ఓపా చేతిలో కత్తి ఆగింది. "ఎందుకట?"

"ఖర్చు. పావు వంతు తగ్గిస్తే ఉంచుతానన్నాడు. గురువారం వాళ్ళమ్మ వచ్చి పలావు తిని చెబుతుందట. ఆవిడ మాటే ఆయన మాట."

"సలోమత్ బువీయా? ఆ అవ్వ పెళ్ళిపందిట్లో కూడా మెతుకు విరిచి చూసే మనిషి!"

"అందుకే చెబుతున్నా. నన్ను తిట్టకు, పొయ్యిలో పెట్టకు."

ఓపా తిట్టలేదు. తన సొంత అన్న ఇంట్లో ఉంటుంది ఆవిడ. అక్కడి పొయ్యి వదినగారిది. ఓపా మూత తీస్తేనే వదినకు కోపం. పన్నెండేళ్ళుగా ఓపాకు తనదంటూ ఉన్న పొయ్యి ఈ కార్ఖానాలోదే.

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కట్టెలు ఆ మూల నుంచి ఈ మూలకు పేర్చింది. చివరికి రంగుల కొట్టంలోకి వెళ్ళి, ఎవరూ పిలవకుండానే ఎర్ర రంగు మంజిష్ఠ తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి పట్టుదారం చిలపలు పిండడం మొదలుపెట్టింది.

"ఓపా, అది పదిరోజుల దాకా పోదు!" అన్నారు రంగులవాళ్ళు.

"పోకపోతే పోనీ. నా చేతులు ఎవరు చూడాలి?"

బుధవారం సంచి పట్టుకోమని నన్ను బజారుకు వెంట తీసుకెళ్ళింది. తగ్గించగలిగినవన్నీ అప్పటికే తగ్గించేసింది. ఇక మిగిలింది బియ్యమే. బజారు బయట ఒకతను కారు డిక్కీ తెరిచి దెవ్‌జిరా అమ్ముతున్నాడు. ధర లోపలి అంగళ్ళలో సగం.

"ఉజ్గెన్‌లో మా అన్న పొలం పంట అక్కా. దళారీ లేడు, అందుకే చౌక."

"మీ అన్నకి పొలం ఉంటే నీకు కారెందుకు?" అని ఓపా గింజలు రెండు అరచేతుల మధ్య గట్టిగా నలిపింది. అసలు దెవ్‌జిరా అరచేతికి కాస్త పొడి ఇస్తుంది, ఎర్ర రంగు ఇవ్వదు. ఓపా చేతులు తిప్పి చూసింది. వాసన చూసింది. నాకూ చూపించింది.

"ఏం దిగలేదు కదా?"

ఏం దిగలేదన్నాను. మంజిష్ఠతో అప్పటికే ఎర్రగా ఉన్న అరచేతుల మీద ఇంకేం దిగినా కనపడదని ఇద్దరికీ తట్టలేదు. ఆవిడ అప్పటికే డబ్బు తీస్తోంది.

గురువారం పొద్దున పసుపు క్యారెట్లు తరిగి, రెండు పిడికిళ్ళ మాంసం, ఉడికితే గాని మెత్తబడని బిహీ పళ్ళు, నానబెట్టిన శనగలు వేసి పెద్ద కడాయిలో రసం మరిగించింది. సలోమత్ బువీ వచ్చి నేతశాలలో పరుపు మీద కూర్చుంది. అప్పుడు ఓపా బియ్యం కడిగింది.

మొదటి నీళ్ళు ఇటుక రంగులో వచ్చాయి. రెండోసారీ అంతే. మూడోసారికి గిన్నెలో మిగిలింది పొట్టి, తెల్లని, మెత్తటి గింజ. చారలు లేవు. గిన్నె అడుగున ఎర్రటి ఇసుక.

ఓపా వంటింట్లో రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆ గింజతో పలావు చేస్తే ముద్దవుతుంది. చెయ్యకపోతే పళ్ళెం ఖాళీ. ఇంకో బియ్యం తేవడానికి టైము లేదు. ఒక్కసారిగా బియ్యం కడాయిలో కుమ్మరించి, మూడు చెంబులు నీళ్ళు ఎక్కువ పోసి, గరిటె పెట్టి కలపడం మొదలుపెట్టింది.

పలావులో బియ్యం పడ్డాక గరిటె పెట్టేవాళ్ళు మా ఊళ్ళో పిచ్చివాళ్ళ కింద లెక్క. ముహయ్యో గుండె పట్టుకుంది.

"ఓపా! కలుపుతున్నావేంటి! కొంప ముంచావు!"

"ముంచిన కొంపే ఇది. పలావు కాదు, షవ్లా జావ. గిన్నెలు తియ్యి, పళ్ళాలు వద్దు."

జావలా చిక్కబడ్డాక ఎండు పుల్లరేగు, మిరియాలు దంచి వేసింది. పెరుగు ఉండల నీళ్ళు చిలికి పైన పోసింది. మొదటి గిన్నె తనే పట్టుకెళ్ళింది.

సలోమత్ బువీ చెంచా ముంచి పైకి ఎత్తింది. చెంచాలోంచి జారింది.

"పలావుకి పిలిచి పథ్యం పెడుతున్నారా?"

"బియ్యం కల్తీది బువీ" అంది ఓపా. "ఇటుకపొడి పూసిన గింజ. వేరెవరో కాదు, నేనే కొన్నాను. నలిపి చూసే కొన్నాను. చేతులు ఇలా ఉన్నాయి మరి."

బువీ ఆ అరచేతిని దగ్గరకు లాక్కుని, బొటనవేలితో రుద్ది, వాసన చూసింది.

"మంజిష్ఠ. వంటమనిషివి, రంగు తొట్టిలో నీకేం పని?"

"ఊరికే ఉండలేక."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. బువీ మొదటి చెంచా తింది. మెల్లగా నమిలింది.

"మాంసం ఎంత వేశావు?"

"రెండు పిడికిళ్ళు. అందరికీ కలిపి."

"ఈ మెత్తని ముక్క?"

"బిహీ పండు."

"నేను మాంసమనుకున్నా" అని బువీ ఇంకో చెంచా తింది. గిన్నె అడుగు గీకిన చప్పుడు అందరికీ వినపడింది. చెంచా పక్కన పెట్టి, "పావు తగ్గిందా?" అంది.

"తగ్గింది. ఈ బియ్యం వల్లే."

"అలా తగ్గించకు. మిగతావి నీ ఇష్టం, గుమ్మడికాయే పెట్టు, పెసలే పెట్టు. బియ్యం ధర మావాడికి నేను చెప్పుకుంటా. వసంతంలో వచ్చే నౌరూజ్ పండగ దాకా ఈ పొయ్యి ఉంటుంది. ఆ రోజు మళ్ళీ వచ్చి తింటా. పలావు తింటా, తెలిసిందా?"

"తెలిసింది బువీ" అంటూనే ఓపా రెండో గిన్నె కోసం లేచింది. బువీ అడగనే లేదు.

ఆ సాయంత్రం చేతులు బూడిదతో, నిమ్మచెక్కతో, ఆఖరికి ఇసుకతో తోముకుంది. మంజిష్ఠ కదల్లేదు. మరుసటి బుధవారం పొద్దున్నే మా తలుపు తట్టింది.

"పద. నీ చేతులు కావాలి."

బజారు లోపల, గట్టి ధర చెప్పే పాత అంగడి ముందు ఆగి నా కుడిచెయ్యి తిప్పి చూసింది. వేలి మీద సిరా మరక.

"ఇదొకటి! నువ్వూ తొట్టిలో ముంచుతావా? సరే, ఎడమది పట్టు."

గింజలు పోసి తన బొటనవేలితో గట్టిగా రుద్దింది. నా అరచేతిలో కాస్త తెల్లటి పొడి తప్ప రంగేమీ దిగలేదు. చారలు చారల్లాగే ఉన్నాయి.

"బాగానే ఉన్నాయి ఓపా" అన్నాను.

"ఉంటే ఉన్నాయి" అంటూ అప్పటికే నా మణికట్టు పట్టి లాగుతోంది. "నౌరూజ్‌కి నాలుగు నెలలే. పక్క కుప్ప కూడా చూద్దాం, నడువు."