అప్ప పెట్టిన కాపడం

నలభై మూడో ఏట నేను పొట్ట కోయించుకున్నాను. జబ్బు చేసి కాదు, వేలాడుతున్న చర్మం తీయించుకోవడానికి. అందరికీ హెర్నియా ఆపరేషన్ అని చెప్పాను. ఆ ఒక్క అబద్ధం వల్ల ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను.

చిన్నప్పటినుంచీ నేను లావే. మా అమ్మ నాకు మూడేళ్ళప్పుడు పోయింది. నాన్న పొలం పనుల్లో ఉండేవాడు. నన్ను పెంచింది నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దదైన మా అక్క. మా వైపు అక్కని అప్ప అంటాం. నూతి దగ్గర చప్టామీద నిలబెట్టి ఒళ్ళు తోమేది. తోమడానికి రెండు చేతులూ చాలడం లేదని నవ్వేది. ఆ నవ్వొక్కటే నాకు కష్టంగా ఉండేది కాదు. మిగతావాళ్ళ నవ్వు వేరు.

అప్పని నౌపడలో ఇచ్చారు. బావా ఆవిడా ఉప్పు మడుల్లో పనిచేస్తారు. నాకు గరివిడిలో ఫ్యాక్టరీ స్టోర్సులో ఉద్యోగం దొరికింది. స్టేషన్‌కి దగ్గర్లో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుని ఒక్కణ్ణే ఉంటున్నాను. పెళ్ళి సంబంధాలు నాలుగైదు వచ్చాయి. ఆఖరిసారి వెళ్ళినచోట నేను కుర్చీలో కూర్చున్నాక లోపలిగదిలో ఎవరో కిసుక్కుమన్నారు. అది అందరికీ వినపడింది. ఆ తర్వాత నేనే వద్దన్నాను.

తర్వాత షుగరు వచ్చింది. ఇలాగే ఉంటే కాళ్ళు పోతాయని డాక్టరు భయపెట్టాడు. రోజూ పొద్దున్న రైలు పట్టాల పక్క రోడ్డు మీద నడిచాను. అన్నం మానేసి చోడి అంబలి, అంటే రాగి జావ, తాగాను. రెండేళ్ళలో సగమయ్యాను. ఫ్యాక్టరీలో అందరూ వీపు తట్టారు. కానీ కొవ్వు పోయింది గాని చర్మం పోలేదు. ఖాళీ అయిన బియ్యం బస్తాలా పొట్ట కిందికి జారి తొడల మీద పడుకుంది. రోజూ దాన్ని రెండు చేతులతో ఎత్తి ప్యాంటులోకి సర్దుకుని బెల్టు పెట్టుకునేవాణ్ణి. మడత కింద చెమట పట్టి ఎర్రగా ఒరుసుకుపోయేది. వేసవిలో అక్కడినుంచి వాసన వచ్చేది. పాత పంచె ముక్క మడతపెట్టి లోపల దూర్చుకునేవాణ్ణి. మధ్యాహ్నానికి అది తడిసిపోయేది.

షిఫ్టు దిగాక అందరూ ఫ్యాక్టరీ కుళాయిల దగ్గర చొక్కాలు విప్పి నీళ్ళు పోసుకుంటారు. నేను ఏనాడూ విప్పలేదు. లావుగా ఉన్నాను కాబట్టి విప్పడంలేదు అనుకునేవాణ్ణి. సన్నబడ్డాకా విప్పలేకపోయాను. అప్పుడు నిజంగా నీరుగారిపోయాను.

మందులు రాసి రాసి విసిగిపోయిన చర్మం డాక్టరు, ఇది ఆపరేషన్‌తోనే పోతుందని చెప్పి విశాఖపట్నం పంపించాడు. అక్కడి సర్జను నా ఈడువాడే. పొట్ట చర్మాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎత్తి చూసి, "ఇది ఎంత నడిచినా పోయేది కాదండీ" అన్నాడు. ఆ మాట విని నాకు ఏడుపు వచ్చింది. నా తప్పు కాదని ఒకరు చెప్పడం అదే మొదటిసారి.

అయినా ఎవరికీ నిజం చెప్పలేకపోయాను. మగవాడు, అందులోనూ మాలాంటి ఇంట్లో పుట్టినవాడు, ఒంటి తీరు బాగుచేయించుకోడానికి కోయించుకున్నాడంటే ఊళ్ళో ఏమంటారో నాకు తెలుసు. సెలవు చీటీలో హెర్నియా అని రాశాను. అప్పకి ఫోన్‌లోనూ అదే చెప్పాను. "ఆపరేషనప్పుడు ఆస్పత్రిలో మనిషిని పెట్టుకుంటాను, నువ్వు ఇంటికి వచ్చాక రా" అన్నాను. ఆస్పత్రికి వస్తే తెలిసిపోతుందని.

ఆపరేషన్‌కి వారం ముందు ఆస్పత్రిలో ఒక కాగితం ఇచ్చారు. అక్కడ పనిచేసే అమ్మాయి ఒక్కొక్క వరుసా వేలుపెట్టి తెలుగులో చెప్పింది. నెలరోజులు బరువులు ఎత్తకూడదు, ఒళ్ళు పూర్తిగా చాపి పడుకోకూడదు, పొట్టకి కట్టే బెల్టు విప్పకూడదు. ఒకచోట ఆగి మళ్ళీ చెప్పింది. "ఇక్కడ చర్మానికి కొన్ని నెలలు స్పర్శ ఉండదు. వేడి పెట్టకూడదు, ఐసూ పెట్టకూడదు. కాలినా మీకు తెలియదు. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పండి." నేను తలూపాను. కాగితం పైన ఆపరేషన్ పేరూ, పొట్ట బొమ్మా ఉన్నాయి. ఇంటికి రాగానే దాన్ని బీరువాలో అడుగున, దుప్పట్ల కింద పెట్టేశాను.

ఆ వారం ఇల్లు సిద్ధం చేసుకోవడంలో గడిచింది. వంగకుండా అందేలా గిన్నెలు, మందులు, ఫోన్ ఛార్జరు అన్నీ నడుమెత్తు అరలోకి మార్చాను. కిందికి కూర్చోలేనని మధ్యలో కన్నమున్న ప్లాస్టిక్ కుర్చీ కొని బాత్‌రూములో వేశాను. మంచాన్ని బాత్‌రూము తలుపు దగ్గరికి లాగాను. తలకింద మూడు దిళ్ళు, మోకాళ్ళకింద రెండు పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన మందు సబ్బుతో రోజూ స్నానం. ఆ వారమంతా నేను సంతోషంగా ఉన్నాను. బజార్లో ఒక చొక్కా కూడా కొన్నాను, ప్యాంటులోకి దోపుకునేది.

ఆపరేషన్ అయిన మూడోరోజు కారులో ఇంటికి తీసుకొచ్చి దింపారు. నడుం వంచి, ముసలివాడిలా కాళ్ళీడ్చుకుంటూ దిగాను. పొట్టకి ఇరువైపులా సన్నటి గొట్టాలు, వాటి చివర చిన్న ప్లాస్టిక్ బుడ్లు. లోపల ఊరే నీరు అందులోకి వస్తుంది. పొద్దున్న పాసెంజరుకి వచ్చిన అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి భుజం కింద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళింది.

అప్ప ఆ బుడ్లని రోజుకి రెండుసార్లు ఖాళీ చేసేది. మందు మూతతో కొలిచి ఎంత వచ్చిందో క్యాలెండరు మీద రాసేది. నా తల దువ్వేది, కాళ్ళు తుడిచేది. మొదటిసారి కట్టు మార్చినప్పుడు మాత్రం చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

"ఒరే, హెర్నియాకి ఇంత కోతేట్రా? ఈ తుంటి కాడినుంచి ఆ తుంటి దాకా కోసీసినారు."

"నాది బాగా ముదిరిపోనాదప్పా."

"మా తోడికోడలికి సేసినప్పుడు బెత్తెడు కూడా నేదు."

"ఆవిడది సిన్నది."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. నా మాట నమ్మడం ఆవిడకి అలవాటు.

పదోరోజు గొట్టాలు తీసేశారు. ఆస్పత్రిలో లోపలికి నేను ఒక్కణ్ణే వెళ్ళాను, అప్పని బయట బల్లమీద కూర్చోబెట్టి. మర్నాటినుంచి కడుపు ఉబ్బరం మొదలైంది. నొప్పి మాత్రలకి విరేచనం కాలేదు. బెల్టు లోపల కడుపు రాయిలా బిగుసుకుపోయింది. మూడో మధ్యాహ్నం భరించలేక మూలుగుతూ పడుకున్నాను.

అప్ప వంటింట్లోకి వెళ్ళింది. మూకుట్లో కల్లుప్పు వేయిస్తున్న చప్పుడు వినపడింది. నా చిన్నప్పుడు కడుపునొప్పి అంటే ఆవిడ చేసే వైద్యం అదే. పాత చీర గుడ్డలో ఉప్పు మూటకట్టి తెచ్చింది. బెల్టు వదులు చేసి, బొడ్డు కింద మూట ఆనించింది.

"కాలతందేటిరా?"

"నేదప్పా."

నిజంగానే కాలలేదు. బరువు మాత్రం తెలుస్తోంది. ఆ బరువుకి లోపల పేగులు సడలినట్టు అనిపించింది. అప్ప అరచేతులు మడుల్లో ఉప్పు పోగుచేసే పలక తోసి తోసి గట్టిపడ్డాయి. మూట ఎంత వేడిగా ఉందో ఆ చేతులకీ తెలియలేదు.

"వెచ్చదనం సాలనట్టుంది. ఇంకాస్త వేడిసేసి తెత్తునా?"

అప్పుడు నాకు ఆ కాగితం గుర్తొచ్చింది. ఆ అమ్మాయి వేలుపెట్టి చూపించిన వరుస గుర్తొచ్చింది. వద్దనాలి. వద్దంటే ఎందుకని అడుగుతుంది. అక్కడ చర్మానికి స్పర్శ లేదనాలి. ఎందుకు లేదో చెప్పాలి. అలా ఒకటి చెబితే అన్నీ చెప్పాలి. ఒక్క కాపడానికి ఏమవుతుందిలే అనుకున్నాను.

"తే అప్పా" అన్నాను.

రెండోసారి తెచ్చిన మూటతో నాకు నిద్ర పట్టింది. ఆపరేషన్ అయ్యాక అంత హాయిగా నిద్రపోయింది ఆ ఒక్కసారే. అప్ప పక్కన కూర్చుని, మూట జారకుండా చేత్తో పట్టుకునే ఉంది.

మర్నాడు పొద్దున్న కట్టు తీస్తే బొడ్డు కింద అరచెయ్యంత బొబ్బ. అప్ప నోటిమీద చెయ్యి వేసుకుంది. నొప్పి లేదు కదాని రెండురోజులు ఆగాను. బొబ్బ చితికి, కింద చర్మం తెల్లగా, తర్వాత నల్లగా మారింది. కుట్ల దగ్గర చీము వచ్చింది. జ్వరం వచ్చింది. ఈసారి ఒక్కణ్ణే నడవలేకపోయాను. అప్ప నాతోపాటు సర్జను గదిలోకి వచ్చింది.

ఆయన పుండు చుట్టూ వేలితో నొక్కి చూశాడు. "ఎవరు పెట్టారు దీనిమీద వేడి?" అన్నాడు.

"నానే బాబూ" అంది అప్ప. "కడుపు ఉబ్బరమన్నాడని ఉప్పు కాపడం పెట్టినాను."

"కాగితంలో రాసిచ్చాం కదమ్మా. మీకు ఎవరూ చెప్పలేదా? వేలాడే చర్మమంతా తీసేసి, పైచర్మాన్ని కిందికి లాగి కుట్టాం. దానికి నెత్తురు అందడమే కష్టం. వేడి తగిలితే చచ్చిపోతుంది." కోపంగా చెప్పలేదాయన. అలిసిపోయినట్టు చెప్పాడు.

అప్ప నావైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

నల్లబడ్డ చర్మం కోసేశారు. కుట్లు కొన్ని విప్పేశారు. గుంట నిండేదాకా తెరిచే ఉంచాలన్నారు. ఇంటికి వచ్చాక అప్ప నన్ను పడుకోబెట్టి, ఎసరు పెట్టి వచ్చి, మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"అయితే హెర్నియా కాదన్నమాట."

"కాదప్పా."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"సిగ్గేసినాది."

"నా కాడ నీకు సిగ్గేటిరా? నీకు మూడేళ్ళప్పటినుంచి తానం సేయించినదాన్ని." నా కాళ్ళమీద దుప్పటి సర్దింది. "ఒక్క మాట సెప్పుంటే నాను ఆ మూట పెడుదునా?"

తప్పు నాదే అన్నాను. సరేలేరా అంది. అన్నం వార్చడానికి లేచి వెళ్ళింది.

ఆ తర్వాత ఆవిడ నా పొట్ట ముట్టుకోలేదు. ఊళ్ళోని ఆస్పత్రి నుంచి రోజూ ఒక నర్సమ్మ వచ్చి పుండు కడిగి గుడ్డ దూర్చి కట్టు కట్టేది. ఆమె బండి చప్పుడు వినగానే అప్ప పెరట్లోకి వెళ్ళిపోయేది. ఆమె వెళ్ళాకే లోపలికి వచ్చేది. వంట మాత్రం మానలేదు. గుడ్లు ఉడికించి పెట్టేది, పుండు మానాలంటే తినమని నర్సమ్మ చెప్పిందని. కంచం మంచంమీద పెట్టి దూరంగా నిలబడేది. రెండు నెలలు అలా ఉంది. ఈలోగా బావ ఒక్కడే మడుల్లో అవస్థ పడ్డాడు. ఒక ఆదివారం ఆయన వచ్చి తీసుకెళ్ళాడు.

గుంట నాలుగు నెలలకి పూడింది. పూడిన చోట చర్మం ముడుచుకుపోయి, పాత తోలు సంచి మూతిలా ఉంది. బొడ్డు ఎడమవైపు లాక్కుపోయింది. వంగితే పట్టేస్తుంది. ఏడాది తర్వాత మళ్ళీ వస్తే కొంత సరిచేయవచ్చని సర్జను అన్నాడు. రానన్నాను. ఆయన బలవంతపెట్టలేదు. ఉద్యోగంలో చేరాను. బరువులు ఎత్తలేనని కిటికీ దగ్గర చిట్టాలు రాసే పని ఇచ్చారు. మడత లేదు, వాసన లేదు, ఆ మాట నిజం. కుళాయిల దగ్గర చొక్కా మాత్రం విప్పలేదు. ఇప్పుడు విప్పితే ఏమైందని అడుగుతారు.

ఒకటి మిగిలిపోయింది. రెండోసారి వేడి చేసి తెత్తునా అన్నప్పుడు నాకు కాగితం గుర్తుందని అప్పకి తెలియదు. మూట తనే పెట్టానని, తమ్ముణ్ణి తనే పాడుచేశానని నౌపడలో అందరి దగ్గరా అంటోందని బావ ఫోన్‌లో చెప్పాడు. అన్నం సరిగా తినడంలేదన్నాడు. ఆవిడ మనసులో బరువు కొంత దించుదామని ఒక సెలవురోజు పాసెంజరెక్కి వెళ్ళాను.

అప్ప వీధి అరుగు మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. నాకు తెలుసని, తెలిసీ తెమ్మన్నానని.

అప్ప మడుల వైపు తిరిగింది.

"గుర్తుండీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"అంటే తెలిసీ నా సేత కాల్పించుకున్నావన్నమాట."

కాదు అనబోయాను. మానిన పొట్ట చూపిద్దామని చొక్కా ఎత్తబోతే మొహం తిప్పుకుంది. "వద్దురా. నాను సూడనేను" అంది. తర్వాత లేచి అన్నం పెట్టింది. రొయ్యల ఇగురు వండింది. నేను తింటున్నంతసేపూ తలుపు దగ్గర నిలబడింది. మారు వడ్డించడానికి బావని పిలిచింది.

సాయంత్రం బండికి వచ్చేశాను. బావ స్టేషన్ దాకా వచ్చాడు. ఎందుకు చెప్పావురా, మీ అప్పకి ఉన్న ఆ మాత్రం నిద్రా పోయిందిప్పుడు, అన్నాడు.

అప్ప ఫోన్ చెయ్యడం మానేసింది. నేను చేస్తే ఎత్తుతుంది. తిన్నావా అని అడుగుతుంది. తిన్నానంటాను. ఆ తర్వాత ఇద్దరం ఫోన్ పట్టుకుని ఊరికే ఉంటాం. కాసేపటికి ఆవిడే, పనుందిరా, పెట్టీసేయ్, అంటుంది.