పచ్చ వైరు

సుబేదారిలోని ఆ ఇంటికి ఇరవై రెండేళ్ల కింద వైరింగ్ చేసింది వలీయే. గోడల్లో పైపులు వేసినప్పుడల్లా వైర్లతో పాటు ఒక ఉత్త ఇనుప తీగను కూడా లోపల వదిలిపెట్టడం అతనికి అలవాటు. "రేపు ఇంకో వైరు గుంజాలంటే గోడ పలగ్గొట్టద్దు గద మేడం" అనేవాడు. రేపటి ముచ్చట ఇప్పుడెందుకని ఇంటావిడ శోభారాణి అప్పట్లో నవ్వింది.

ఇప్పుడు ఆమే పిలిపించింది. పోయిన నెల ఇల్లంతా ఫోనుతో పనిచేసే స్విచ్చులు పెట్టించారు. సోఫాలో కూర్చొని మాట చెబితే లైటు వెలుగుతుంది. కానీ వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే చాలు, చెయ్యి జిల్లుమంటోంది.

"అంత నీ పాత వైరింగ్‌తోనేనంట వలీ. స్విచ్చులు పెట్టిన పిలగాండ్లు చెప్పిన్రు" అంది గుమ్మంలోనే.

వలీ ఇంటి వెనక మెషిన్ ఉన్న చోటికి నడిచాడు. ఇంట్లో పనిచేసే యాకమ్మ రబ్బరు చెప్పులతో నిలబడి మెషిన్లో బట్టలు వేస్తోంది. తను రిపేర్లకు వచ్చిపోయిన ఈ పదేళ్లలో ఆమె చెప్పులు వీధి గేటు దాటి లోపలికి రావడం అతనెన్నడూ చూడలేదు.

"ఏంది చెల్లె, ప్రమోషన్ ఇచ్చిన్రా?"

"అవునన్నా. షాక్ కొడ్తాందంటే మేడం చెప్పులేసుకొని చెయ్యిమన్నది. మొన్న మోచెయ్యి దాక గుంజింది."

"ఎన్నొద్దులాయె?"

"పదిహేను దినాలు."

వలీ ఒళ్లు మండింది. మెయిన్ ఆపి హాల్లో బోర్డు విప్పాడు. కొత్త స్విచ్చులకు న్యూట్రల్ అనే నల్ల వైరు కావాలి. పాత ఇళ్ల స్విచ్ బోర్డుల్లో అది ఉండదు, అప్పట్లో దాని అవసరమే లేదు. ఆ పిల్లలు వెతకలేదు, అడగలేదు. షాక్ కొట్టకుండా కరెంటును భూమిలోకి పంపే పచ్చ వైరునే నల్ల వైరు బదులు కలిపేశారు. ఏ బోర్డు విప్పినా అదే. ఆ పచ్చ వైరు పట్టుకునే కరెంటు మెషిన్ దాకా వచ్చింది.

"ఇది నా వైరింగా మేడం? కొత్తదంటే నాకు కోపం లేదు. రేపు వస్తదనే గద తీగ ఇడిసిపెట్టిన. గోడల ఏమున్నదో సూడకుంట పెట్టుడేంది? షాక్ కొడ్తాందంటే మనిషికి చెప్పులు తొడుగుడేంది?"

శోభారాణి ఫోను వైపు చూసుకుంది.

వలీ గోడలోని పాత ఇనుప తీగ కొసకు నల్ల వైరు కట్టి గుంజాడు. తుప్పు రాలుతూ వచ్చింది గానీ తీగ తెగలేదు. సాయంత్రానికి ప్రతి బోర్డుకూ నల్ల వైరు చేరింది, పచ్చ వైరు తన పనికి తాను పోయింది. పచ్చ వైరు భూమిలోకి దిగే ఎర్త్ గుంత మీద ఎవరో పరిచిన టైల్‌ను లేపి, తడి ఉంటేనే కరెంటు భూమిలోకి పోతుందని, ఎండిపోయిన బొగ్గూ ఉప్పూ మీద నాలుగు బకెట్ల నీళ్లు పోశాడు. టెస్టర్ పెట్టి రెండుసార్లు చూసుకొని, "మంచిగైంది మేడం" అన్నాడు.

"యాకమ్మా, ఒకపారి ముట్టి చూడు" అంది శోభారాణి.

"ఆమె ముట్టది" అన్నాడు వలీ. "మీరు ముట్టున్రి. చెప్పులిడిసి."

"మంచిగనే అయిందంటివి గదా."

"అయింది. అందుకే చెప్తాన. చెడిపోయినప్పుడు పదిహేను దినాలు ఆమె ముట్టింది. బాగయినంక మీరు ఒక్కపారి ముడితే ఏమైతది?"

శోభారాణి చెప్పులు విడిచి, తడి నేల మీద కాలు పెట్టి, కొనవేలితో మెషిన్‌ను తాకింది. ఏమీ కాలేదు.

యాకమ్మ మాత్రం తన చెప్పులు విప్పలేదు.