లెక్క తీసుకున్న సన్యాసిరావు

గోనె మిల్లులో మగ్గం ముందు నిలబడి సన్యాసిరావు ముసలివాడయ్యాడు. పెళ్లయిన ఏడాది చేరాడు, యాభై ఎనిమిది నిండాక బయటికొచ్చాడు. మగ్గాల చప్పుడికి చెవులు సగం పోయాయి. అందుకని ఎప్పుడూ ఊరంతా వినేలా మాట్లాడతాడు. భార్యతో గుట్టుగా అనుకోవలసిన మాట కూడా పక్కింటివాళ్లకి ముందు తెలిసిపోయేది. నార దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, రెండు మెట్లెక్కితే ఆయాసం. ఇక వేరే పని ఎవరిస్తారు? ఉన్న ఆశల్లా పింఛను మీదే.

మిల్లు మారలేదు, మగ్గం మారలేదు. కాగితాల మీద మాత్రం సన్యాసిరావు ఒక కాంట్రాక్టరు కింద నాలుగేళ్లు దాటి ఎప్పుడూ లేడు. మూడు నాలుగేళ్లకోసారి పాత కాంట్రాక్టరు పోయి అతని తమ్ముడో తోడల్లుడో కొత్త కాంట్రాక్టరయ్యేవాడు. ఆ రోజున జనమంతా పని మానేసినట్టు రాసేవారు, మర్నాడు కొత్తగా చేరినట్టు రాసేవారు. అప్పటిదాకా పీఎఫ్‌లో పడ్డ డబ్బు మొత్తం తీసేసుకోవడం ఆ మిల్లులో ఆనవాయితీ. దానికి 'లెక్క తీసుకోవడం' అని పేరు. డిసెంబరులో కాంట్రాక్టు మారితే ఉగాది ముందరి కొత్తమావాస్య నాటికి డబ్బు చేతికొచ్చేది. ఇంకేముంది, నూకాలమ్మ జాతరకి మేకపోతు, ఇంటినిండా చుట్టాలు, ఒంటిమీద కొత్తబట్టలు. ఆ నెలరోజులూ గోనె మిల్లు వాళ్లని చూసి ఊళ్లో గుమస్తాలు కూడా కుళ్లుకునేవారు. లెక్క తీసుకోనివాణ్ణి పిసినారి అనేవారు. తాము ముసలితనాన్ని కోసుకు తింటున్నామని ఒక్కడికీ తోచలేదు.

ఫారాలు రాసేది త్రినాధరావు. సన్యాసిరావు భార్య అప్పలనర్సమ్మకి సొంత అన్న. మిల్లు టైమాఫీసులో కూర్చునేవాడు, అతనూ కాంట్రాక్టరు మనిషే. ముత్యాల్లాంటి చేతిరాత. ఒక్కో ఫారానికి ఇంతని అందరి దగ్గరా పుచ్చుకునేవాడు గానీ సన్యాసిరావు దగ్గర పైసా ముట్టేవాడు కాదు.

"నీకాడ తీసుకుంటానేటి బావా," అనేవాడు. "తీసెయ్. రేపు మిల్లు మూసేత్తే ఈ డబ్బు నీకెవుడిత్తాడు?"

అలాంటి బావ దొరికినందుకు సన్యాసిరావు టీకొట్టు దగ్గర పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే అతనికి ఒళ్లు మండుతుంది.

రెండువేల తొమ్మిదిలో సన్యాసిరావు పని మానాడు. అంతకు ముందు ఏడాదే మానేసిన త్రినాధరావు ప్రతి నెలా మొదటి వారంలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బ్యాంకుకి వెళ్లొస్తున్నాడు. పింఛనట. సన్యాసిరావు సంతోషించాడు. బావకి వచ్చిందంటే తనకీ వస్తుంది, ఇద్దరిదీ ఒకే మిల్లు కదా. నాలుగైదు నెలలు ఎదురుచూశాడు. అడిగినప్పుడల్లా త్రినాధరావు "వత్తాది బావా, కంగారెందుకు?" అంటూ వచ్చాడు. చివరికి ఓపిక పట్టలేక సన్యాసిరావే విశాఖపట్నం బస్సెక్కి పీఎఫ్ ఆఫీసుకి వెళ్లాడు.

అక్కడి మేడమ్ మంచిదే. అతనికి వినపడేలా గొంతు పెంచి, ఓపిగ్గా చెప్పింది. నెలనెలా కోసిన డబ్బులో పింఛను భాగం కూడా ఉంటుంది. అది తియ్యకుండా పదేళ్ల సర్వీసు నిలిస్తే యాభై ఎనిమిది నిండాక బతికున్నంత కాలం పింఛను. ఈయన మూడేళ్లకోసారి, నాలుగేళ్లకోసారి దాన్ని కూడా తీసేసుకున్నాడు. తీసుకున్నప్పుడల్లా సర్వీసు తెగిపోయింది. ఇప్పుడు మిగిలింది ఆఖరి కాంట్రాక్టరు దగ్గర చేసిన ముక్క ఒక్కటే, దానికి పింఛను రాదు.

"మా మిల్లులో అందరిదీ అంతేనా తల్లీ?"

"అందరూ అలా చెయ్యరండీ. కాంట్రాక్టరు మారినప్పుడు డబ్బు తియ్యకుండా కొత్త ఖాతాలోకి మార్పించుకుంటారు. దానికీ ఒక ఫారం ఉంది."

ఆ ఫారం ఎవరికి తెలుసో సన్యాసిరావుకి వేరే చెప్పనక్కరలేదు. తిరుగు బస్సెక్కాడు. అనకాపల్లిలో దిగి ఇంటికి పోకుండా తిన్నగా బావ ఇంటికి నడిచాడు. త్రినాధరావు వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"బావా, నీ పీఎఫ్ నువ్వెప్పుడైనా తీసేవా?"

"ఇప్పుడదెందుకు?"

"తీసేవా, తియ్యలేదా?"

"తియ్యలేదు."

"మరి నన్నెందుకు తియ్యమన్నావు?"

"నేనేటి నీ చెయ్యి పట్టుకుని సంతకం ఎట్టించేనా? జాతరొత్తందంటే నువ్వే కదా ఈ వసారాలో కూకునేవోడివి, 'ఈసారెంతొత్తాది బావా' అని!"

ఆ మాట నిజమే. సన్యాసిరావు వసారా మెట్టు మీద కూలబడ్డాడు. అది చూసి త్రినాధరావుకి ధైర్యం వచ్చినట్టుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"జనం లెక్క తీసేసుకుంటేనే కాంట్రాక్టరుకి మంచిది. పాత సర్వీసు అడిగేవోడుండడు. తలకింతని నాకిచ్చేవోడు. అందరిసేతా తీయించి నీ తల ఒక్కటీ వొదిలెయ్యమంటే ఎలా కుదురుతాది?"

"అంటే నా తలకి కూడా తీసుకున్నావన్నమాట."

త్రినాధరావు లోపలికి తిరిగి, "బావొచ్చేడు, టీ ఎట్టండి," అని కేకేశాడు. సన్యాసిరావు ఆ టీ తాగకుండానే లేచి వచ్చేశాడు.

ఇంట్లో అప్పలనర్సమ్మ బియ్యం ఏరుతోంది. సన్యాసిరావు జరిగిందంతా చెప్పాడు, అలవాటు ప్రకారం వీధంతా వినేలా చెప్పాడు. ఆవిడ తల ఎత్తలేదు, "అయ్యో" అనలేదు. అన్నని ఒక్క మాట తిట్టను కూడా తిట్టలేదు. అతనికి అనుమానం వచ్చింది.

"నీకు తెలుసా?"

"తెలుసు," అంది. "మనింటికి రేకులేసిన ఏడు, తీసేత్తే పింఛను రాదని వొదిన నోరు జారింది. అన్నని అడిగితే, మీ ఆయనకి సెప్పకు అన్నాడు. నేనూ సెప్పలేదు. వానొత్తే పిల్లోణ్ణి మంచం కింద పడుకోబెట్టేదాన్ని. నువ్వా డబ్బు తేకపోతే రేకులెక్కణ్ణుంచి వత్తాయి?"

"ఆ తరవాత సెప్పొచ్చు గదే!"

"తరవాత ఎప్పుడు లేదు అవసరం?"

బావ మీద వచ్చిన కోపమైతే వీధిలో నిలబడి తిట్టి తీర్చుకోవచ్చు. దీన్ని ఏం చేసుకోవాలో సన్యాసిరావుకి తెలియలేదు. ఒకే కంచంలో తిన్న మనిషి, ఇన్నేళ్లూ పక్కనే పడుకున్న మనిషి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

చీకటి పడుతుండగా కొడుకు ధనరాజ్ వచ్చాడు. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో కాంట్రాక్టు పని. కంపెనీ బస్సు దిగి సరాసరి ఇంటికొచ్చే కుర్రాడు ఇవాళ కాస్త ఆలస్యమయ్యాడు. చేతిలో ఒక కాగితం, మొహంలో సంబరం.

"నాన్నా, మా కాంట్రాక్టరు మారతన్నాడు. పీఎఫ్ తీసేత్తన్నాను, బండి కొనుక్కుంటాను. మావయ్య కాడికెళ్తే ఇప్పుడే ఫారం రాసిచ్చేడు."

"ఇప్పుడేనా?"

"అవును, ఇప్పుడే. ఏటి, అలా సూత్తన్నావు?"

సన్యాసిరావు గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది. "మీ మావయ్య కొడుకూ నీతోనే పనిచేత్తన్నాడు గదా. ఆడిక్కూడా రాసేడా?"

"లేదు. ఆడిది తియ్యటం లేదు. కొత్త కాంట్రాక్టరుకి మార్పించేత్తన్నాడంట."

అప్పలనర్సమ్మ చేట కింద పెట్టి లేచింది. కొడుకు చేతిలో కాగితం లాక్కుంది.

"మీ నాన్నకి సెప్పలేదురా. నీకు సెప్తన్నాను. తియ్యకు."

"ఎందుకమ్మా?"

"తీసేత్తే ముసలోడివయ్యేక తిండికి ఉండదు. అందుకు."

సన్యాసిరావు భార్య మొహంలోకి చూశాడు. చెప్పడానికి ఆవిడకి గట్టిగా అరనిమిషం కూడా పట్టలేదు.