జపానువాళ్లు మరచిపోయిన పదును

చదువుకునే రోజుల్లో నాకు రాని విద్యంటూ ఉండేది కాదు. రానివన్నీ ఉద్యోగంలో చేరి, పెళ్లి చేసుకున్నాక ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. సిడ్నీలో మెకానికల్ మాస్టర్స్‌లో చేరిన కొత్తలో మాత్రం, ఏ వస్తువునైనా విప్పగలననీ, విప్పినదాన్ని మళ్లీ బిగించగలననీ (చివర్లో మిగిలిపోయిన మరలను కంపెనీవాళ్లే అనవసరంగా పెట్టారనీ) నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి బలైనవాటిలో ఒక ఇస్త్రీపెట్టె, ఇంటి ఓనరుగారి టోస్టరు, ఒక జపాను కత్తి ఉన్నాయి. మొదటి రెండింటి గురించీ నాకు పెద్ద బాధ లేదు. కత్తి వెనక మాత్రం ఒక మనిషి ఉన్నాడు.

వెస్ట్‌మీడ్‌లో మా అద్దె ఫ్లాటులో నాతోపాటు ఉండేవాడాయన. నాకు సీనియరు, భీమవరం వైపు మనిషి. చదివేది అకౌంటింగ్, చేసేది ఒక జపనీస్ రెస్టారెంటులో అంట్లు తోమడం. అందుకని సింకన్న అని పేరు పెట్టాం (పెట్టింది నేనే, ఆ విద్యా వచ్చు). వేడినీళ్లలో, ఘాటు సబ్బులో నానీ నానీ ఆయన వేళ్లు చర్మం ఊడి, పగిలి, పెన్ను పట్టుకుంటే కాగితానికి నెత్తురు అంటేది. పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకుని, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని, సంఘాన్ని ఆశీర్వదిస్తున్న పాస్టరుగారిలా కూర్చునేవాడు.

ఒకరోజు న్యూస్‌పేపర్లో చుట్టిన కత్తి ఒకటి తెచ్చాడు. మొన నుంచి పిడి దాకా తుప్పు.

“పెద్ద చెఫ్‌ది రా. ఎన్నేళ్ల నుంచో స్టోర్‌రూములో పడుందంట. దీన్ని బాగుచేసి శుక్రవారం పట్రా, చేప కోయించి చూస్తానన్నాడు. నచ్చితే సింకు మాన్పించి కటింగ్ బోర్డు దగ్గిర నిలబెడతాడంట.”

“నాకియ్యన్నా. నువ్ ఫికర్ చెయ్యకు, నేన్ చూస్కుంట.”

“నీకు వచ్చేంట్రా ఇది?”

“వీడియోలు చూసిన గదన్నా.”

“ఈత కూడా వీడియోలు చూసే నేర్చుకున్నానన్నావు. మొన్న బీచిలో లైఫ్‌గార్డు నిన్ను భుజానేసుకుని తేవడం నేను చూళ్లేదనుకున్నావా?”

“అది నీళ్లన్నా. ఇది ఇనుము.”

ఇంత పకడ్బందీ వాదన విన్నాక ఎవరైనా ఏం చేస్తారు? ఇచ్చేశాడు. ఆయనకు మర్నాడు అసైన్‌మెంటు ఉండటమే అందుకు కారణం. నామీద నమ్మకమని నేననుకున్నాను.

వీడియోలో ఒక జపాను పెద్దాయన తుప్పును ఏదో మెత్తటి పొడితో ఓపిగ్గా రుద్దాడు. మా అమ్మ ఇత్తడి బిందెలను చింతపండుతో తోమి తళతళలాడించేది. ఆమెకంటే ఆయనకెక్కువ తెలుసా అని, ఉప్పు కలిపిన చింతపండు గుజ్జు కత్తికి దట్టంగా పట్టించి తెల్లారేదాకా వదిలేశాను. తుప్పు పోయింది. దాంతోపాటు మెరుపూ పోయింది. నల్లగా, పులుసు వాసన కొడుతున్న ఆ కత్తిని గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ మనిషి ముందు పెట్టదగిన రంగుకు తెచ్చాను. ఇక పదును పెడదామని సానరాయి తడిపి కూర్చున్నప్పుడు గమనించాను: కత్తి ఒకవైపే వాలుగా అరగదీసి ఉంది, రెండోవైపు చదునుగా ఉంది. అంత క్రమశిక్షణ గల దేశంలోనూ పని సగంలో వదిలేసి పోయేవాళ్లు ఉంటారా అని జాలేసింది.

“కావాలనే అలా చేశారేమోరా?” అన్నాడు సింకన్న, అసైన్‌మెంటులోంచి తలెత్తి.

“ఫ్యాక్టరీల మర్చిపోయిన్రన్నా. పదును రెండు దిక్కుల ఉండాలె. సిమెట్రీ అంటరు దీన్ని.”

ఆ సిమెట్రీ కోసం భుజాలు పడిపోయేలా రెండోవైపు అరగదీశాను. టమాటా తెగింది, కాగితం తెగింది. సింకన్న మురిసిపోయి, “ఒరేయ్, నువ్వు విశ్వకర్మవిరా!” అన్నాడు. నేను వినయంగా ఒప్పుకున్నాను.

శుక్రవారం ఆయన తిరిగొచ్చి బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

“ఏమైందన్నా?”

“చేప కోస్తుంటే కత్తి పక్కకి పోతంది. ముక్కలన్నీ వంకర. చెఫ్ కత్తి తిప్పి చూసి, వెనకవైపు ఎవడు అరగదీశాడన్నాడు. నేనే అన్నాను.”

“నా పేరు చెప్పకపోయినవా?”

“వేరేవాడిచేత చేయించానంటే బోర్డు దగ్గిరికి రానిస్తాడా? ఎందుకు అరగదీశావన్నాడు. నాకేం తెల్సు? నువ్ చెప్పిందే చెప్పాను, ఫ్యాక్టరీలో మర్చిపోయారండీ అని.”

జన్మలో నవ్వి ఎరగని ఆ చెఫ్, కిచెన్‌లో అందర్నీ పిలిచి ఆ మాట మళ్లీ చెప్పించి, ఫ్రిజ్ తలుపు పట్టుకుని మరీ నవ్వాడట. చేపల కత్తికి ఒకవైపే పదును ఉంటుందట, ముక్క నున్నగా తెగేది అందుకేనట. ఇది ఇక చేపకు పనికిరాదు గానీ క్యాబేజీకి పర్లేదు, సోమవారం నుంచి క్యాబేజీ నువ్వే కొయ్యి అన్నాడట.

“మొత్తానికి సింకు తప్పించింది నేనే గదన్నా!” అన్నాను. (నిజంగానే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.)

ఆయన అప్పుడు బూట్లు విప్పుకుంటూ, “పోయి అన్నం వండు. కూరగాయలు మాత్రం ముట్టుకోకు,” అన్నాడు.

సెమిస్టరు చివర్లో నన్ను ఆ రెస్టారెంటుకు భోజనానికి రమ్మన్నాడు. నేను సింకన్న స్నేహితుణ్ణని తెలిసి చెఫ్ స్వయంగా బయటికొచ్చాడు. లోపల క్యాబేజీ గుట్ట వెనకున్న సింకన్నను చూపించి, “మా తాతముత్తాతల నుంచి జపాను చేస్తూ వచ్చిన తప్పును దిద్దింది వీడే, తెలుసా?” అన్నాడు. వడ్డించే అమ్మాయి నవ్వింది, పక్క టేబులువాళ్లు నవ్వారు. అది అక్కడ రోజూ నడిచే వేడుకేనని వాళ్ల తీరు చూస్తేనే తెలుస్తోంది. లేచి నిలబడి, “ఆ మహానుభావుణ్ణి నేనండీ” అనడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను మాత్రం అప్పుడే మొదటిసారి వింటున్నట్టు “నిజంగానా?” అని, అందరికంటే గట్టిగా నవ్వాను. సింకన్న ఒక్కసారి తలెత్తి నావైపు చూశాడు. మళ్లీ క్యాబేజీ కోసుకున్నాడు.

ఆ నవ్వంతా న్యాయంగా నాకు రావలసింది. ఇన్నేళ్లలో వెళ్లి అడిగి తీసుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు ఎప్పుడైనా అది గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకుంటాను. ఆలస్యంగానైనా, నవ్వు సరైన మనిషి మీదే పడుతోంది.