అత్తయ్య తిట్టు పూర్తవ్వాలి

“…ఇక్కడ నా ప్రాణం అడుగంటుతుంటే దిక్కులు చూస్తున్నావేమే!”

“దిక్కులు కాదు అత్తయ్యా, మిమ్మల్నే వెతుకుతున్నా! మీరెళ్ళి స్తంభం వెనక దూరితే మంత్రం ఎలా తగుల్తుంది?”

“ఎలుగు అటు లాగింది, వెళ్ళాను. ముందు నాకు ప్రాణం పొయ్యవే!”

మెట్లెక్కుతున్న ఎదురింటాయన కంగారుపడి తలుపు బాదాడు. అత్తయ్య కొడుకు తలుపు ఓరగా తీసి, “ఏం లేదండీ, ఆట,” అన్నాడు. ఆ ముక్క చెప్పడం అతనికి అలవాటైపోయింది.

ముందుగదిలో రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, చెవులకు మైకులు తగిలించుకున్న అత్తాకోడళ్ళు. ఆన్‌లైన్ ఆటలో అత్తయ్య పాలడిన్. డాలు, కత్తి, కాస్త దైవబలం ఉన్న యోధురాలన్నమాట. గుహ చివర కాచుకుని కూర్చునే పెద్ద మృగాన్ని, అంటే బాస్‌ని, రెచ్చగొట్టి తన మీదికి లాక్కోవాలి. దాని దెబ్బలన్నీ తనే తినాలి. ఈలోగా మిగతావాళ్ళు దాన్ని వెనకనుంచి పొడుస్తారు. కోడలు వైద్యురాలు. అత్తయ్య గాయాలు మాన్పడం ఆమె వంతు.

అత్తయ్యకి ఒకటే జబ్బు. తిట్టందే చెయ్యి లేవదు. రెచ్చగొట్టడానికి ఆటలో ఒక మీట ఉంది, నొక్కితే చాలు. అత్తయ్య మాత్రం ముందు నోరారా తిట్టి, ఆ తర్వాతే నొక్కుతుంది. పగలంతా ల్యాబులో కట్టుడుపళ్ళు తయారుచేసే మనిషి కాబట్టి ఆ తిట్లన్నీ దవడల చుట్టూనే తిరుగుతాయి.

“ఒరే ఎలుగూ, అవేం కోరల్రా, పాతిన గుంజల్లా! నీ చిగుళ్ళకి నువ్వే బరువు కదరా!”

“దానికి వినపడదు అత్తయ్యా.”

“వినపడకపోతే నా మీదికెందుకొస్తోంది మరి?”

చివరికి వాళ్ళతో కలిసి ఆడే గుంపంతా సర్దుకుపోయింది. అత్తయ్య తిట్టు పూర్తయ్యాకే ఎవరైనా ఆయుధం ఎత్తాలి.

ఆ నోరు ఆట వరకే ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. మొన్న అత్తయ్య అక్కగారు చూడ్డానికొచ్చి, కోడల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఏమ్మా, ఆఫీసులో నిన్నొక్కదాన్నే తీసేశారటగా? ఏం చేశావేంటి?” అని ఆరా మొదలుపెట్టింది. కోడలు తల దించుకుంది. అత్తయ్య ఉన్నట్టుండి, “అక్కయ్యా, నీకా పై పళ్ళ వరస ఎవడు కట్టాడే? గుర్రానికి కొలత తీసి నీకు బిగించినట్టున్నాడు!” అంది.

అక్కగారు నోరు తెరిచి, వెంటనే చేత్తో మూసుకుంది. తర్వాత ఇల్లు దద్దరిల్లింది. చిన్నప్పటి గొడవలన్నీ పైకి తేలాయి. అక్కగారు విసవిసా వెళ్ళిపోయాక కోడలు మొగుణ్ణి వంటింట్లోకి లాగి, “మీ అమ్మ నోటికి తాళం వెయ్యండి, పరువు పోతోంది!” అంది.

నిజానికి ఉద్యోగం పోయాక కోడల్ని ‘రండి, మీరు కావాలి’ అని పిలిచింది ఆ ఆట గుంపొక్కటే. అక్కడా ఇంకా చోటు ఖాయం కాలేదు. గుంపు నాయకుడు బయట డ్రైవింగ్ నేర్పే మాస్టారు. “ఆదివారం ఎలుగు కూలిందా, మీరు ఉంటారు. లేదా, వేరే వైద్యుణ్ణి చూసుకుంటాం,” అన్నాడు, లైసెన్సు పరీక్ష పెట్టినట్టు.

ఆదివారం వచ్చింది. గుహ తలుపు తెరుచుకుంది. కోడలు మీటల మీద వేళ్ళు సర్దుకుంది. అత్తయ్య డాలెత్తి అందుకుంది.

“ఒరే పుచ్చుపళ్ళోడా! నీ నోటికి అచ్చు తీయాలంటే బక్కెట్టెడు మైనం కావాలి కదరా, ఆ దవడకి…”

ఇక్కడ ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. అయిపోయిందనుకుంది కోడలు. ఉత్సాహం పట్టలేక తన పెద్ద మంత్రం వదిలేసింది. అత్తయ్య ఇంకా మీట నొక్కలేదు. ఎలుగు ఆ మంత్రం మెరుపు వచ్చిన వైపు చూసి, తిన్నగా కోడలి మీదికే దూకింది. ఒకే ఒక్క పంజా! మందు పోసేవాళ్ళు పోయాక మిగతావాళ్ళు వరసగా నేలకరిచారు.

“ఎవరండీ అది!” మాస్టారు అరిచాడు. “సిగ్నలు పడకుండా బండి దూకిస్తారా? ఏమండీ వైద్యురాలూ, మీకసలు…”

“మాస్టారూ,” అత్తయ్య అడ్డొచ్చింది, “మీరు అరుస్తుంటే ఈల వినిపిస్తోంది. ముందు పళ్ళ మధ్య సందుంది కదూ? మీ విద్యార్థులు బండి రివర్సు చేసేది అందులోంచేనా?”

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు పేలిపోయాడు. పెద్దరికం అన్నాడు, మర్యాద అన్నాడు, నోరా మోరీయా అన్నాడు. అత్తయ్య కుర్చీలో వెనక్కి వాలి, “ఊఁ, ఇంకా?” అంటోంది. వైద్యురాలి ఊసు ఎవరూ ఎత్తలేదు.

కోడలు అత్తయ్య వంక చూసింది. ఆ ముఖంలో కోపం మచ్చుకైనా లేదు. ఎలుగు తనవైపు తిరిగినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. కోడలు మైకుని అరచేత్తో మూసి అడిగింది.

“అత్తయ్యా, మొన్న పెద్దత్తయ్య పళ్ళు నిజంగా అంత బాగాలేవా?”

“బాగాలేకపోవడమేంటే? అవి కట్టింది నేనే. పద, మళ్ళీ లే. ఈసారి ఊపిరి ముందే పీల్చుకుంటా.”

ఈసారి తిట్టు ఆగలేదు. ఎలుగు గర్జించింది, అత్తయ్య అంతకు మించి గర్జించింది. డాలు మీద పంజాలు పిడుగుల్లా పడుతున్నాయి. ప్రాణం అడుగంటడం, కోడలు నింపడం, మళ్ళీ అడుగంటడం, మళ్ళీ నింపడం! “పొయ్యవే!” “పోస్తున్నా!” “ఇంకా!” “ఇదిగో!” ఆఖరి గొడ్డలి వేటుకి ఎలుగు గుహంతా అదిరేలా కూలింది. అత్తాకోడళ్ళు ఒకేసారి కుర్చీల్లోంచి లేచి కేక పెట్టారు.

కేకలు సద్దుమణిగాక మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “వైద్యురాలూ, భేష్. మీ చోటు ఖాయం. ఆ పాలడిన్ నోటితో మాత్రం మేం పడలేం. వచ్చే వారం నుంచి ఆవిడ రానక్కర్లేదు.”

అత్తయ్య చెవిమైకు తీసి బల్ల మీద పెట్టింది. “నయమే. కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది,” అంటూ చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుంది.

కోడలు తన మైకు నోటి దగ్గరికి లాక్కుంది.

“మాస్టారూ, మా అత్తయ్యా నేనూ కలిసి వేరు పడుతున్నాం. రేపట్నుంచి మా గుంపులో డాలు నేను పడతాను.”