కొల్లేటి ఇంటి వెనక కొండ

రెండు వందల ఏళ్ల కిందట యూరప్ చిత్రకారులు రంగులపెట్టె సంచిలో వేసుకుని కొండ ఊళ్లు తిరిగేవారు. దృశ్యం చప్పగా ఉందనిపిస్తే లేని చెట్టునో, కూలిన గోడనో బొమ్మలో కలిపేసేవారు కూడా. తాడేపల్లిగూడెంలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పే నాకు వాళ్లంటే మహా పిచ్చి. మన దగ్గరేమో ఎటు చూసినా బల్లపరుపు నేల! అయినా చలికాలంలో కొల్లేరు బాగుంటుందని ఒక ఆదివారం బయల్దేరాను.

పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి, భీమడోలు మీదుగా ఏలూరులో దిగాను. అక్కడి నుంచి లంక ఊళ్లకు బస్సులు తక్కువ. ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ ఎనిమిది వందలు. "అక్కడ హోటళ్లుండవండీ, భోజనం ముందే చెప్పుకోవాలి" అంటూ డ్రైవరు తనకు తెలిసిన రత్నమ్మగారికి ఫోన్ చేసిపెట్టాడు.

రత్నమ్మగారు చేపల పులుసు పొయ్యి మీద పెట్టి, నా కుంచెలు చూడగానే దగ్గరికొచ్చారు. "ఏవండీ, మా ఇల్లు వేసిపెడతారా? రేపు పడగొట్టేస్తున్నామండీ. మెరక పోయించి ఎత్తుగా కట్టుకుంటున్నాం. ఇది మా ఆయన కట్టిన ఇల్లండీ. ఆయన ఎలాగూ లేరు. ఫోన్లో ఫొటోలున్నాయి గానీ, గోడకి పెట్టుకోవాలంటే బొమ్మే బాగుంటుంది."

నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు, దూరంగా నీళ్ల మీద గూడబాతులు. గోడ మీద నడుమెత్తున ఏదో మరక ఉంటే దాని మీద మల్లెతీగ అల్లించేశాను. వెనక బోసిగా ఉందని ఓ నీలం కొండ నిలబెట్టి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆవిడ చూసి పకపకా నవ్వారు. "కొండే ఉంటే మెరకకి ఇన్ని ట్రాక్టర్ల మట్టి ఎందుకండీ?" అని, మల్లెతీగ మీద వేలు పెట్టి ఆగిపోయారు. "ఇక్కడ వరద గీత ఉండాలండీ. ఆ నీళ్లలోనే మా అమ్మాయి పుట్టింది. మంచం మీద మంచం వేసి నన్ను పడుకోబెట్టారు. నీళ్లు తీసేదాకా ఆయన నా పక్కనుంచి కదల్లేదు."

సాయంత్రం రైలు వదులుకుని ఇంకో కాగితం తీశాను. ఈసారి కొండా లేదు, తీగా లేదు. మట్టిరంగు గీత వేస్తుంటే ఆవిడ పక్కనే నిలబడి, "ఇంకొంచెం పైకండీ" అన్నారు. పైకి జరిపాను. రెండో పూట కూడా పులుసన్నం తినే బయల్దేరాను.

కొండ ఉన్న బొమ్మ మా ఇంట్లో ఉంది. చూసినవాళ్లంతా అందంగా ఉందంటారు, నాకూ ఇష్టమే. కానీ అది ఎవరి ఇల్లూ కాదు. కొల్లేరు వెళ్లి బొమ్మలు వేయాలనుకునేవారికి నా సలహా ఒక్కటే: కుంచె తడిపేముందు, ఏది వదిలేయకూడదో ఆ ఇంటివాళ్లని అడగండి.